పిక్కలో ఫుట్‌వాల్వు

రక్తప్రసరణ పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "గుండె కిందికి తోస్తది, సరే సార్. కాళ్ళల్లకెల్లి మళ్ళీ పైకి ఎవరు తోడతరు? నాట్లప్పుడు మా అమ్మకు నరాలు ఉబ్బి పొద్దుగూకేసరికి కాళ్ళు దిమ్మెక్కుతయి."

మునగాలలో సాగర్ ఎడమకాలువకు నీళ్ళు వదిలి, పొలాలన్నీ బురదగా ఉన్న రోజులవి. జవాబు చెప్పేముందు ఒక మాట పంచాయితీ తేల్చుకోవాల్సి వచ్చింది. నెత్తురు మోసేదీ మనకు నరమే, నొప్పిని మోసేదీ నరమే. పుస్తకంలో మొదటిది సిర, రెండోది నాడి. ఈ మునగాల సంస్థానానికే దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల మొదలుపెట్టి శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. నూరేళ్ళు దాటినా మా ఊళ్ళో సిర అంటే ఎవరికీ ఎక్కదు. పోనీలెండి. నేను చెప్పబోయే యంత్రం దగ్గర ఈ తికమకే నాకు అక్కరకొచ్చింది. ఒక నరాన్ని తట్టి ఇంకో నరాన్ని ఖాళీ చేయించడమే దాని పని.

ముందు పంపు సంగతి. మనిషి కదలకుండా నిలబడితే గుండె నుంచి చీలమండ దాకా సిరల్లో నెత్తురు నాలుగడుగుల నీళ్ళ బావిలా నిలుస్తుంది. ఆ బరువు చీలమండ దగ్గర సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం పీడనం అవుతుంది. అదే మనిషి పదడుగులు వేస్తే 30కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. తోడేది పిక్క. బిగిసినప్పుడల్లా లోపలి సిరను పిండుతుంది. పాతకాలపు ఏతం చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. మనిషి దూలం మీద అటూ ఇటూ నడుస్తుంటే బావిలో నీళ్ళు పైకొచ్చేవి. కాలు కూడా నడకతో నడిచే ఏతమే.

పిండితే నెత్తురు కిందికీ పోవాలి కదా? పోదు. మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉన్నట్టే సిర పొడుగునా పల్చటి రెక్కల జతలున్నాయి. పైకి పోయేటప్పుడు తెరుచుకుని, జారబోతే మూసుకుంటాయి. ఇటలీలోని పాడువాలో ఫాబ్రిసియస్ 1603లో వీటికి బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. కానీ నెత్తురు ఒక్క ఉరవడిన కాళ్ళలోకి దిగిపోకుండా నిదానింపజేసే తూము తలుపులనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే వాటినే చూసి, సిరల్లో నెత్తురు గుండె వైపుకే పోతుందని గ్రహించి 1628లో లోకానికి చెప్పాడు. గురువు తలుపు చూశాడు, అది ఎటు తెరుచుకుంటుందో శిష్యుడు చూశాడు.

ఈ రెక్కలు పాడైతే ఎంత నడిచినా పీడనం దిగాల్సినంత దిగదు. నరాలు మెలికలు తిరుగుతాయి, చీలమండ పైన చర్మం నల్లబడుతుంది, ముదిరితే మానని పుండు పడుతుంది.

ఏతం తొక్కే మనిషి లేనప్పుడు కరెంటుతో తొక్కించవచ్చా? గాల్వానీ కరెంటుతో చచ్చిన కప్ప కాళ్ళు ఆడించిన సంగతి మీకు తెలిసిందే. నాకు ఇష్టమైనవాడు ఫ్రాన్సు డాక్టరు డుషెన్. 1850ల నాటికే తడి ఎలక్ట్రోడ్లు చర్మం మీద పెట్టి, ఎక్కడ తాకిస్తే ఏ కండరం ఎగిరిపడుతుందో ఒళ్ళంతా వెతికాడు. కొన్ని చోట్ల కొద్దిపాటి కరెంటే చాలు. కాస్త పక్కకు జరిగితే మంట తప్ప కదలిక ఉండదు. నాడి కండరంలోకి దిగే చోట్లవేనని తర్వాత తేలింది. కండరాన్ని నేరుగా లేపడం కన్నా దాని నాడిని తట్టడం చాలా చవక.

1960లలో ఇంగ్లండులో సర్జన్లు ఆపరేషన్ బల్ల మీద రోగి పిక్కలకు షాకులిచ్చి, నెత్తురు గడ్డకట్టకుండా చూశారు. ఆ దెబ్బ మెలకువలో ఉన్నవాడు ఓర్చుకునేది కాదు కాబట్టి మత్తులో ఉన్నంతసేపే. ఇప్పటి పరికరాల్లో రెండు దారులున్నాయి. ఒకటి పిక్క మీదే ప్యాడ్ అంటించి కండరాన్ని బిగించడం. రెండోది మోకాలి బయటివైపు, కొంచెం కిందగా చేతికి తగిలే ఎముక గుండు దగ్గర నాడిని తట్టడం. నా ఓటు రెండోదానికే. ఆ నాడి అక్కడ చర్మం కిందే ఉంటుంది. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుంటే పాదం తిమ్మిరెక్కుతుందే, చాలాసార్లు నలిగేది ఇదే. పక్షవాతంతో పాదం ఈడ్చేవాళ్ళ కోసం 1961లో లీబర్సన్ అనే డాక్టరు మడమ కింద స్విచ్చి పెట్టి తట్టిందీ దీన్నే.

కోదాడలో ఫిజియోథెరపీ చేసే మిత్రుడి పాత యంత్రం తెచ్చి నా కాలి మీదే చూసుకున్నాను. మొదటిసారి చురుకు, మంట, అంతే. ప్యాడ్ అంగుళం వెనక్కి జరిపాను. బొటనవేలు ఠక్కున పైకి లేచింది, తోలుబొమ్మ దారం ఎవరో లాగినట్టు. సెకనుకొకసారి. చేత్తో తడిమితే ఆశ్చర్యం, పిక్క బిగియలేదు! ఈ నాడి పిక్కకు పోనే పోదు. కాలి ముందువైపు, బయటివైపు కండరాలకు పోతుంది. అవి బిగిసి పాదాన్ని ఎత్తితే పిక్క వెనక సాగుతుంది, అరికాలి సిరలూ కదులుతాయి. దొడ్డిదారిన తోడే పంపన్నమాట.

ఈ పద్ధతిలో వచ్చిన బ్రిటిష్ పరికరం గెకో, రిస్టువాచీ అంత. తొలి రకంలో కరెంటు 27 మిల్లీయాంపులు. ఇంట్లో షాకు కొట్టకుండా పెట్టుకునే బ్రేకరు 30కి పడిపోతుంది, మరి ఇదెలా భద్రం? కిటుకు వ్యవధిలో ఉంది. ఒక్కో తట్టు 70 నుంచి 560 మైక్రోసెకన్లు, ఏడు మెట్లలో. సెకనులో మిగతాదంతా విశ్రాంతి. సెకనుకు 50సార్లు తడితే కండరం బిగుసుకుపోయి అలాగే ఉండిపోతుంది. తొక్కిపెట్టిన ఏతం నీళ్ళు తోడదు కదా.

తర్వాతి కథ పొట్టిదే. గెకోకు 2014లో బ్రిటన్‌లో చికిత్సల విలువ తేల్చే నైస్ సంస్థ, గడ్డలు కట్టే ప్రమాదం ఉండి మామూలు పద్ధతులు కుదరనివారికి వాడొచ్చని ఆమోదం తెలిపింది. ముదిరిన సిరల జబ్బులో వాపూ బరువూ తగ్గుతున్నట్టు చిన్న పరీక్షల్లో కనిపించింది. మొదటి మందు మాత్రం ఇప్పటికీ బిగుతు మేజోళ్ళే, మే నెల కోదాడ ఎండలో అవి తొడుక్కోవడం ఎంత నరకమైనా. పేస్‌మేకర్ ఉన్నా, కాల్లో కొత్తగా గడ్డ కట్టినా ఈ కరెంటు జోలికి పోకూడదు. అందుకే ముందు కాలి సిరలకు డాప్లర్ స్కాన్ తీయించమని ఆ అమ్మాయితో వాళ్ళమ్మకు చెప్పించాను.

మర్నాడు ఆ పిల్ల మళ్ళీ లేచింది. "వాల్వే పోయినంక ఎంత తోడినా కిందికి జారదా సార్?"

"జారుతుంది బిడ్డా," అన్నాను. నడక ఆపాక మంచి కాలి సిర మళ్ళీ నిండడానికి 20 సెకన్లు దాటుతుంది. రెక్కలు పోయిన కాల్లో పై నుంచి జారి అంతకన్నా ముందే నిండుతుంది, బాగా చెడితే పది కూడా పట్టదు. సెకనుకొక తోడు పడుతుంటే, జారేదాని కన్నా పైకెక్కేది ఎక్కువ. స్విచ్చి ఆపితే మళ్ళీ మొదటికే.

"మా బావి మోటారూ అంతే సార్," అంది కూర్చుంటూ. "కరెంటు పోయిందంటే మళ్ళా బిందెతోటి నీళ్ళు పోసుకోవాల్సిందే."