‘డ్రగ్’ అను మాట: మందా, మత్తా?

మందుల దుకాణములో గోడకు వ్రేలాడు లైసెన్సు పత్రమున ‘డ్రగ్’ అను ఆంగ్లపదము కానవచ్చును. మత్తు అలవాట్లను విడనాడుడని బోధించు గోడవ్రాతలలోను అదే పదము కానవచ్చును. ఒకచోట అది రోగము కుదుర్చునది. మరియొకచోట మనిషిని చెరచునది. ఒకే మాటకు ఈ రెండర్థములు ఎట్లు కలిగినవో, దానివలన గ్రామస్థులకు వచ్చు చిక్కేమో పంచాయతీ సభ్యులకు తెలుపదలచితిమి.

ఈ పదము 14వ శతాబ్దిలో ఫ్రెంచి భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. అంతకు పూర్వపు మూలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ‘ఎండినది’ అను అర్థముగల డచ్చి మాటయే దీనికి మూలమని పలువురు తలంతురు. ఆ కాలపు మందు దినుసులలో ఎండబెట్టిన వేళ్లు, బెరడులు, ఆకులు, గింజలు ముఖ్యమైనవి. మన ఇండ్లలోని శొంఠిని, పిప్పళ్లను, కరక్కాయలను తలచుకొన్నచో ఈ ఊహ సులభముగా బోధపడును.

చాలకాలము ఈ పదమునకు మందు దినుసు అనియే ముఖ్యార్థము. 19వ శతాబ్ది ఆరంభమున నల్లమందునుండి మార్ఫీనును వేరుపరచిరి. బాధను హరించు ఆ మందే అలవాటై పలువురను లోబరచుకొన్నది. ఆ శతాబ్ది చివరకు ‘డ్రగ్’ అను మాటకు మాదకద్రవ్యమను అర్థము కూడ స్థిరపడినది.

ఇది ఆంగ్లమునకే చెల్లిన వింత కాదు. ‘ఫార్మసీ’ అను మాటకు మూలమైన గ్రీకు పదమునకు ఔషధము, విషము అను రెండర్థములును కలవు. మన ‘మందు’ మాత్రము తక్కువదా? జ్వరమునకు మందు, పైరుకు పురుగుమందు, తుపాకికి మందు. తుదకు సారాయియు మందే.

చట్టములు మాత్రము ఈ అర్థములను వేరుపరచినవి. 1940 నాటి ఔషధముల చట్టము మనుష్యులకును పశువులకును వాడు మందుల తయారీని, అమ్మకమును నియంత్రించుచున్నది. మాదకద్రవ్యముల విషయము 1985 నాటి చట్టమునకు లోబడినది. మార్ఫీను ఈ రెండింటికిని సంబంధించినది. అయినను క్యాన్సరు రోగుల తీవ్రమైన బాధకు అది ముఖ్యమైన ఔషధము. అట్టి అత్యవసర మందులు రోగులకు సులభముగా అందుటకై 1985 నాటి చట్టమును 2014లో సవరించిరి.

కావున ఈ మాటను అజాగ్రత్తగా వాడినచో రెండు విధముల నష్టము కలుగును. ‘డ్రగ్’ అను పేరునకే బెదరి, వైద్యుడు వ్రాసిన మందును రోగికి ఈయక బాధపెట్టువారు ఒకరు. మందే కదా యని, వైద్యుని చీటీ లేక నిద్రమాత్రలను మ్రింగి వానికి బానిసలగువారు మరియొకరు. మొదటివారికి ధైర్యము, రెండవవారికి హెచ్చరిక అవసరము.

పంచాయతీ తీర్మానములలోను, గ్రామమున కట్టు ప్రకటనలలోను ‘డ్రగ్’ అని ఊరక వ్రాయక, ‘ఔషధము’ అనియో ‘మాదకద్రవ్యము’ అనియో స్పష్టముగా వ్రాయుట మేలు. మాత్రల పొట్లముపై నిలువు ఎర్రగీత యున్నచో, ఆ మందును వైద్యుని సలహా లేనిదే వాడరాదని గ్రామసభలో చెప్పవలెను. అక్షరము రాని వారును గుర్తింపగల గురుతు అది.