ఆంగ్లేయ జాతీయములు: అర్థనిర్ణయము

విడివిడి పదముల యర్థము వేఱు. వాని కలయికకు లోకమున రూఢమైన యర్థము వేఱు. రెండవదానిని దెలుపు పలుకుబడినే మనము జాతీయమందుము. వ్యాకరణ మెఱిఁగినవాఁడు ప్రకృతిప్రత్యయములను విభజింపఁగలఁడు గాని, పరభాషాజాతీయముకడ నా విభజనమే యతనిని దారి తప్పించును. ఇందులకు నేనే నిదర్శనము.

నందిగామలో నాకుఁ బరిచితుఁడైన యొక వృద్ధుఁడు, విదేశమున నుద్యోగము చేయుచున్న మనుమఁడు వ్రాసిన యింగ్లీషు లేఖను నాచేఁ జదివించుకొనెను. పై యధికారి తనకు “కోల్డ్ షోల్డర్” ఇచ్చుచున్నాఁడని యందుండెను. “చల్లని భుజ మిచ్చుచున్నాఁడఁట; ఆదరించుచున్నాఁడన్న మాట” యని నేను జెప్పితిని. వృద్ధుఁడు సంతసించి వెడలెను. నెల దాఁటిన పిదప మనుమఁడే ఫోనులో నసలు సంగతి చెప్పెను. పెడమొగము పెట్టుట, లెక్కచేయకుండుట యని యా మాట కర్థము. ఆ కుఱ్ఱవాఁడు దుఃఖించిన దినములలో మే మిద్దఱ మిచట సంతోషించుచుంటిమి.

నా పొరపాటునకు మూలము నిఘంటువు గాదు, ఎండ. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరిన యీ పశ్చిమకృష్ణా మెట్టప్రాంతమున వైశాఖమాసపు మధ్యాహ్నము నడచువానికిఁ జల్లదనమే దయ. కావుననే మనకుఁ జల్లని చూపు, చల్లని మాట, కడుపు చల్లన యను పలుకుబళ్లు. చలిదేశమువారికి వెచ్చదన మాదరము, చల్లదనము విముఖత. గుణ మొక్కటియే, దేశభేదమున నర్థము తలక్రిందైనది.

అట్లని జాతీయము లన్నియుఁ బరస్పరవిరుద్ధములు గావు. “క్షేపే” యను పాణినిసూత్రమునకు (2-1-47) కాశికావృత్తి యిచ్చిన యుదాహరణములలో “అవతప్తేనకులస్థితమ్” ఒకటి. వేఁడెక్కిన నేలపై ముంగిస నిలుచుట యని యవయవార్థము, చపలత్వమని తాత్పర్యము. ఇంగ్లీషువారు “వేఁడి యిటుకలమీఁది పిల్లి” యందురు. మనము “కాలుగాలిన పిల్లి” యందుము. జంతువు మాఱినను నిలుకడలేమి యొక్కటే. అచటనే యున్న “భస్మనిహుతమ్” అనఁగా బూడిదలో వేల్చినది, నిష్ఫలమైనది. మన “బూడిదలోఁ బోసిన పన్నీరు” దానికి జ్ఞాతి.

కొన్నిటికి స్థలజ్ఞానము వలయును. “న్యూకాజిలునకు బొగ్గులు మోయుట” యను మాట, ఆ యూరు పూర్వము బొగ్గు నెగుమతి చేసిన రేవని యెఱుఁగనివానికిఁ దెలియదు. ఉన్నచోటికే యున్నదానిని జేరవేయు వ్యర్థశ్రమ యని భావము. మన విద్యార్థులకు “జగ్గయ్యపేటకు సున్నపుఱాయి మోయుట” యనినఁ జాలును. ఆ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినది సున్నపుఱాయి యుండుటవలననే కదా.

“మొసలికన్నీరు”, “సింహభాగము” అనునవి యింగ్లీషు పలుకుబళ్లకు మాటకు మాటగా వచ్చియు మనలో నిలిచినవి. మొసలి క్రౌర్యమును సింహపు దొరతనమును మన మెఱుఁగుదుము. చిత్రము దనంతఁ దానే యర్థము చెప్పును. “చల్లని భుజము” నిలువదు. దాని చిత్రము మనకు విపరీతార్థమునే చెప్పును.

కావున ననువాదకుఁడు పదములను విడఁదీయుటకు ముందు, ఆ మాట నిందయా, మెప్పా యని విచారింపవలెను. పాణినియు నా సూత్రమున నింద తోఁచినప్పుడే సమాసమును విధించెను. ఆ సూత్రమును ముప్పదియేండ్లు పాఠము చెప్పియు, లేఖ చదివిననాఁడు నేను దానిని స్మరింపనైతిని.