నలభై తొమ్మిదేళ్ల పెళ్లికొడుకు

'ఇంకా పెళ్లి చేసుకోవా?'

అటెండర్ రాజు ఎదురైతే చాలు, ఊరంతా అడిగేదదే. మరి అతని వయసు 49! ఇంతలో ఆఫీసుకి ఒడిశా నుంచి రాధ అనే అధికారి వస్తుంది. ఆమెకి 42. భర్త లేడు, ఎదిగిన కూతురుంది. పై అధికారికీ అటెండరుకీ కుదిరిన స్నేహం పెళ్లి మాటల దాకా వస్తుంది.

2018 సెప్టెంబరు 7న విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం'లోని నాలుగు ప్రేమకథల్లో ఇదొకటి. బడిపిల్లల ఇష్టం, మతాలు వేరైన జంట, వైన్‌షాపులో పనిచేసే గడ్డం ప్రేమ... మిగతా మూడు. నాలుగూ ఎక్కడ కలుస్తాయో చూడనివారికి చెప్పేస్తే పాపం!

దర్శకుడు వెంకటేష్ మహాకి ఇదే తొలి సినిమా. తారల కోసం వెతక్కుండా విశాఖపట్నంలోని కంచరపాలెం వాసుల్నే ఎక్కువమందిని నటింపజేశారు. రాజుగా సుబ్బారావు, రాధగా రాధా బెస్సీ చేశారు. డబ్బు పెట్టింది అమెరికాలో గుండె వైద్యురాలు పరుచూరి ప్రవీణ. గడ్డం మనసుపడే సలీమా కూడా ఆవిడే. ఆ పాత్రకి చాలాసేపు కళ్లే కనిపిస్తాయి, నటనంతా వాటితోనే. సినిమాకి రానా సమర్పకుడయ్యారు.

ఇంతకీ, మగాడు ముదిరాక పెళ్లికి సిద్ధపడితే ఊరు నవ్వి ఊరుకుంటుంది. రాధ విషయంలో అలా కాదు. తోడబుట్టినవాడే అడ్డం పడతాడు. అమ్మకి తోడు కావాలని ముందుగా అర్థం చేసుకున్నది ఆమె కూతురే.