లారీకెత్తు టిక్కీల లెక్క

మిరపకాయలను గుంటూరు యార్డుకు పంపు రైతు సోదరులు తూకముపై చూపు శ్రద్ధ టిక్కీల లెక్కపై చూపరు. ఒక్క టిక్కీ తగ్గినచో సుమారు 40 కిలోల కాయ పోయినట్లే.

ఇద్దరు ముగ్గురి సరుకు ఒకే లారీలో పోవుట మామూలు. కావున ప్రతి టిక్కీపై యజమాని గుర్తును, వరుస సంఖ్యను చెరగని సిరాతో వ్రాయవలెను. అప్పుడు 23వ టిక్కీ రాలేదని ఖచ్చితముగా చెప్పవచ్చును. ఊరక ఒకటి తగ్గినదన్న వినువారు తక్కువ. ఎత్తునప్పుడు రైతు తరఫున ఒకరు లారీ వద్ద నిలిచి, టిక్కీకొక గీత గీయుచు, ఐదవ గీతను అడ్డముగా కొట్టవలెను. ఎవరైన పలుకరించినచో నోటిలెక్క తప్పును, గీతలు తప్పవు.

రవాణా సంస్థ ఇచ్చు రసీదులో "ఒక లోడు" అనియో, "సుమారు 50" అనియో వ్రాయనీయరాదు. సంఖ్య అంకెలలోను, అక్షరములలోను ఉండవలెను. ఖాళీ గోనెల కట్టలు వేరు పద్దు. కట్టలెన్నో, కట్టకు గోనెలెన్నో రెండును చూపవలెను. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము ప్రకారము రసీదులోని సంఖ్యయే ప్రాథమిక సాక్ష్యము.

దించునప్పుడు మరల లెక్కించి, తక్కువైనచో సంతకమునకు ముందే రసీదుపై ఆ మాట వ్రాయవలెను. దావా వేయదలచినవారు బుక్ చేసిన తేదీనుండి 180 దినములలోగా రవాణాదారునకు వ్రాతమూలకముగా నోటీసు ఇయ్యవలెను.