‘కేటీ’లో దొరకనిది పట్టుకునే ఉద్యోగం

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ‘కేటీ’ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఎవరైనా రిజైన్ చేస్తే, వెళ్లేలోపు తన పనంతా ఇంకొకరికి అప్పజెప్పాలి. దానికి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని పెద్ద పేరు. జరిగేది మాత్రం ఇది. తొంభై రోజుల నోటీస్‌లో డెబ్బై రోజులు పాత పనే చేయించుకుంటారు. చివరి రెండు వారాల్లో హడావుడిగా మీటింగులు పెట్టి, స్క్రీన్ షేర్ చేసి, రికార్డింగ్ నొక్కుతారు. ఆ వీడియోలు తర్వాత ఎవరూ చూడరు.

నేను ఇంతకుముందు చేసిన ప్రాజెక్టులో ఒక సీనియర్ ఉండేవాడు. పదకొండేళ్లు ఒకే అప్లికేషన్. అందరం ‘అన్నా’ అనే పిలిచేవాళ్లం. కేటీ పద్ధతిగానే ఇచ్చాడు: 14 రికార్డింగులు, 60 పేజీల డాక్యుమెంటు. ఆయన వెళ్లిన రెండో నెల, ఒకటో తారీఖు రాత్రి రెండింటికి పేమెంట్ల జాబ్ ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నది చేరి ఐదు నెలలైన కుర్రాడు. డాక్యుమెంటులో ఉన్నట్టే జాబ్‌ని మళ్లీ స్టార్ట్ చేశాడు. కొన్ని పేమెంట్లు రెండుసార్లు వెళ్లిపోయాయి.

అసలు సంగతి ఏంటంటే, ముందురోజు బ్యాంకు సెలవైతే అవతలి సిస్టమ్ నుంచి ఫైల్ లేటుగా వస్తుంది. అది వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. ఈ ఒక్క మాట 60 పేజీల్లో ఎక్కడా లేదు. అన్న దాచిపెట్టలేదు. ఏళ్ల తరబడి అలవాటైపోయి, అది చెప్పాల్సిన విషయమని ఆయనకే తట్టలేదు. మెయిల్స్‌లో మాత్రం కుర్రాడి పేరే తిరిగింది. ఆ ఏడాది అతని రేటింగ్ కూడా పడిపోయింది.

ఆ గొడవ తర్వాత మా దగ్గరికి నాలెడ్జ్ మేనేజర్ అని ఒకావిడ వచ్చింది. చదివింది లైబ్రరీ సైన్స్. ‘లైబ్రేరియన్‌కి ఇక్కడేం పని’ అని మా ఫ్లోర్‌లో కొందరు నవ్వారు. నెల తిరక్కుండానే అందరికీ ‘అక్క’ అయిపోయింది. మరో సీనియర్ రిజైన్ చేసినప్పుడు ఆవిడ మీటింగ్ పెట్టలేదు. మూడు రోజులు ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

“అన్నా, పోయినసారి ఇది ఆగినప్పుడు మొదట ఏం చూశారు?”

“లాగ్స్ చూశానమ్మా.”

“లాగ్స్ ఓపెన్ చెయ్యకముందు?”

ఆయన కాసేపు ఆలోచించాడు. “ఫైల్ సైజు చూశా. రోజూ 40 ఎంబీ దాకా వస్తుంది. సగమే వచ్చిందంటే అవతలివాళ్లు మధ్యలో ఆపేశారన్నమాట. అప్పుడు లాగ్స్ చూసి లాభం లేదు.”

చెప్పాక ఆయనే ఆశ్చర్యపోయాడు. రోజూ చేసే పనే, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్‌లో అన్నిటికంటే విలువైన స్కిల్ ఇదే అని నా లెక్క: అడగడం తెలియడం. ‘మీ పనేంటి’ అని అడిగితే ప్రాసెస్ చెబుతారు. ‘పోయినసారి ఏం జరిగింది’ అని అడిగితే అసలు విషయం బయటికొస్తుంది.

ఇలా మాటల్లోకి రాని తెలివికి టాసిట్ నాలెడ్జ్ అని పేరు. హంగరీలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన శాస్త్రవేత్త మైకేల్ పొలానీ దీని మీద 1966లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. మన ఊళ్లలో మోటార్ మెకానిక్‌ని చూడండి. స్టార్టర్ ఆన్ చేసి, చెవి పెట్టి విని, ‘బేరింగ్ పోయింది’ అంటాడు. ఎలా తెలిసిందంటే ‘సౌండ్ తెలుస్తుంది కదా’ అంటాడు. తెలుస్తుంది, ఆయనకి.

దీని మీద జపాన్‌లో జరిగిన కథ ఒకటి ఉంది. ఇకుజిరో నొనాకా అనే ప్రొఫెసర్ రాయడంతో ఈ ఫీల్డ్‌లో అందరికీ తెలిసిపోయింది. ఇప్పటి పానాసోనిక్‌కి అప్పట్లో మత్సుషితా అని పేరు. 1985లో వాళ్లు ఇంట్లో బ్రెడ్ చేసుకునే మెషీన్ తయారు చేస్తున్నారు. ఎంత తంటాలు పడ్డా పైన మాడిపోతోంది, లోపల పిండి పిండిగా ఉంటోంది. మెషీన్ కలిపిన పిండినీ, బేకరీవాళ్లు కలిపిన పిండినీ ఎక్స్‌రే తీసి పోల్చారు కూడా! లాభం లేకపోయింది. అప్పుడు ఇకుకో తనాకా అనే ఆవిడ (ఆమె కూడా సాఫ్ట్‌వేర్ డెవలపరే) ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో హెడ్ బేకర్ దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని ఒక తీరులో సాగదీస్తున్నాడని అక్కడ పట్టుకుంది. తర్వాత ఇంజనీర్లతో కలిసి ఏడాదిపాటు రకరకాలుగా ప్రయత్నించి, ఆ సాగదీతని మెషీన్ చేసేలా లోపల ప్రత్యేకమైన గట్లలాంటివి పెట్టించింది. మెషీన్ సూపర్ హిట్.

ఆ బేకర్‌ని కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చోబెట్టి కేటీ అడిగి ఉంటే ఏం చెప్పేవాడు? ‘పిండి బాగా కలపాలి’ అనేవాడు.

సరే, విషయం బయటికి రాబట్టారు. రాశారు. అది ఇంకొకరికి దొరకాలి కదా. లైబ్రరీ సైన్స్ పనికొచ్చేది ఇక్కడే. మద్రాసు యూనివర్సిటీకి 1924లో మొదటి లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు లెక్కల లెక్చరర్. లండన్‌లో ఒక షాపులో మెకానో సెట్టు చూసి, పుస్తకాల్ని కూడా ఇలా చిన్న చిన్న ముక్కలు కలిపి వర్గీకరించొచ్చు కదా అనుకున్నాడట. దాన్నే 1933లో కోలన్ క్లాసిఫికేషన్‌గా తెచ్చాడు. అంటే ఒక పుస్తకాన్ని ఒకే డబ్బాలో పడెయ్యకుండా, విషయం, ప్రాంతం, కాలం ఇలా వేర్వేరు కోణాల్లో గుర్తించడం. ఫ్లిప్‌కార్ట్‌లో షూస్ వెతుకుతూ సైజు, రంగు, బ్రాండు, రేటు ఫిల్టర్లు పెడతాం కదా, ఆ ఆలోచన కూడా ఇదే కోవలోది.

మా అక్క వచ్చి మొదట చేసిన పెద్ద పని కూడా పేర్లు సరిచెయ్యడమే. ఒకే రిపోర్టుని ఫైనాన్స్‌వాళ్లు ఒక పేరుతో, సపోర్ట్‌వాళ్లు ఇంకో పేరుతో, మేం ప్రోగ్రామ్ ఐడీతో పిలిచేవాళ్లం. సెర్చ్ చేస్తే ఏదీ దొరికేది కాదు. మూడు పేర్లూ ఒకే పేజీకి కట్టింది. ఆ తర్వాత డిలీట్ చెయ్యడం మొదలుపెట్టింది. ఏ పేజీకైనా ఓనర్ లేడా, ఏడాదిగా ఎవరూ చూడలేదా, ఆర్కైవ్‌లోకే. ‘ఎప్పుడైనా పనికొస్తుందేమో’ అని ఎంతమంది గొడవపడినా వినలేదు. ఆ మొండితనం కూడా స్కిల్లే.

ఇక కష్టమైన సంగతి. తనకి తెలిసింది ఇంకొకరికి ఎవరైనా ఎందుకు చెప్పాలి? ‘నాకు మాత్రమే తెలుసు’ అన్నదే చాలామందికి ఉద్యోగ భద్రత. లేఆఫ్‌ల కాలంలో అయితే మరీను. వాళ్లని తప్పుపట్టలేం.

డబ్బులిస్తే చెబుతారా? ఇన్ఫోసిస్ ఈ దారిలో వెళ్లి చూసింది. డాక్యుమెంట్లు పెట్టినవాళ్లకి ‘నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు’ అని పాయింట్లు ఇచ్చారు, వాటితో బహుమతులు తీసుకోవచ్చు. డాక్యుమెంట్లు వరదలా వచ్చిపడ్డాయి. రివ్యూ చేసేవాళ్లకి ఊపిరాడలేదు, క్వాలిటీ మీద అనుమానాలు మొదలయ్యాయి. తర్వాత బహుమతులు తగ్గించి గుర్తింపు వైపు మళ్లారు. రఘు గరుడ్, అరుణ్ కుమారస్వామి 2005లో రాసిన పరిశోధనా వ్యాసంలో ఇదంతా వివరంగా ఉంది.

జిరాక్స్‌ది ఇంకో దారి. వాళ్ల కాపీయర్ మెకానిక్కులతో తిరిగిన జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త, మాన్యువల్‌లో లేని రిపేర్లని వాళ్లు భోజనాల దగ్గర, కాఫీల దగ్గర కథలుగా చెప్పుకుంటూ నేర్చుకుంటున్నారని గమనించాడు. 1990ల్లో ఆ చిట్కాల కోసం యురేకా అనే సిస్టమ్ వచ్చింది. చిట్కా పంపితే తోటి మెకానిక్కులే పరీక్షిస్తారు. నిలబడితే పంపినవాడి పేరుతో అందరికీ వెళ్తుంది. పేరు పడటం, తోటివాళ్లు ఒప్పుకోవడం, ఇవే బాగా పనిచేశాయి. మా అక్క కూడా ప్రతి పేజీ పైన ‘ఇది చెప్పింది ఫలానా’ అని పెడుతుంది, మనిషి కంపెనీ వదిలి వెళ్లినా తియ్యదు.

‘ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఇంకా ఇవన్నీ ఎందుకు’ అంటారా? నేను ఇప్పుడు చేస్తున్న పనే అది. కంపెనీ డాక్యుమెంట్లు చదివి జవాబిచ్చే చాట్‌బాట్‌లు కడుతుంటా. బాట్ ముందు డాక్యుమెంట్లలో ప్రశ్నకి దగ్గరగా ఉన్న ముక్కలు వెతుకుతుంది, వాటిని బట్టి జవాబు అల్లుతుంది. పాత లీవ్ పాలసీ, కొత్త లీవ్ పాలసీ రెండూ ఫోల్డర్‌లో ఉంటే, పాతదాన్ని పట్టుకుని కూడా అంతే ధీమాగా చెబుతుంది. బ్యాంకు సెలవు సంగతి ఎవరూ రాయకపోతే ఏ మోడల్‌కీ తెలియదు. అందుకే కొత్త ప్రాజెక్టులో కోడ్ మొదలుపెట్టకముందు నేను మొదట అడిగేది, ‘డాక్యుమెంట్లు చూసుకునే మనిషి ఎవరు’ అనే. ఎవరూ లేరంటే డెమో బాగుంటుంది, మూడో నెల నుంచి కంప్లయింట్లు వస్తాయి.

ఈ లైన్‌లోకి రావాలనుకునేవాళ్లకి కొంచెం సమాచారం. ఉద్యోగం పేరు ఒకటే ఉండదు: నాలెడ్జ్ మేనేజర్, నాలెడ్జ్ అనలిస్ట్, టాక్సానమిస్ట్, కొన్నిచోట్ల టెక్నికల్ రైటర్. దీనికి 2018 నుంచి ఐఎస్‌వో 30401 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. లైబ్రరీ సైన్స్ కోర్సులు ఉస్మానియాలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. రంగనాథన్ 1962లో మొదలుపెట్టిన డీఆర్‌టీసీ బెంగళూరులో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. టెక్నికల్‌గా కొద్దిగా ఎస్‌క్యూఎల్, సెర్చ్ ఎలా పనిచేస్తుందో ఒక అవగాహన, షేర్‌పాయింట్ లేదా కాన్‌ఫ్లుయెన్స్ లాంటి టూల్ ఒకటి చాలు. టూల్ రెండు వారాల్లో వస్తుంది. చిన్న వాక్యాల్లో తేటగా రాయడం రావడానికే టైమ్ పడుతుంది, ఇంజనీరింగ్‌లో అది ఎవరూ నేర్పరు.

అక్క ఇంటర్వ్యూల్లో ఒక టెస్ట్ పెడుతుంది. గజిబిజిగా ఉన్న 12 పేజీల డాక్యుమెంటు, దాంతోపాటు అది రాసినాయన ఎక్స్‌టెన్షన్ నంబర్ ఇస్తుంది. టైమ్ గంట. చాలామంది హెడ్డింగులు పెట్టి, బుల్లెట్లు పెట్టి, అందంగా చేసి ఇచ్చేస్తారు. ఫోన్ చేసి ఆయనతో మాట్లాడేవాళ్లు తక్కువ. ఇప్పటిదాకా ఇద్దరిని తీసుకుంది. ఒకమ్మాయి ఎంబీఏ. ఇంకొకతను డిగ్రీ అయ్యాక కాల్ సెంటర్‌లో నాలుగేళ్లు చేసినవాడు. అతనైతే పది నిమిషాల్లో ఫోన్ పెట్టేస్తాడనుకున్నాం, నలభై నిమిషాలు మాట్లాడాడు.