గెలుపు కోసం మందు – తగునా?

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక రైతు తన పదిహేడేళ్ల కుమారుని వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చాడు. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె వారిది. ఐదెకరాల మెట్ట, వేరుశనగ సేద్యం, ఎండిపోయిన రెండు బోర్లు – అదీ వారి ఆస్తి. కుర్రవాడు ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లాలో మొదటివాడుగా వచ్చాడట.

"సామీ, మావానికి ఆకలి చచ్చిపోయింది. తిన్నది అరగడంల్యా. ఇంగ పదైదు దినాల్లో రాష్ట్రం పోటీలుండాయి. ఏదన్నా మంచి మందియ్యండి" అని తండ్రి అడిగాడు.

నాడి చూచాను, నాలుక చూచాను. అగ్నిమాంద్యం స్పష్టంగా కనిపించింది. పది రోజులకు సరిపడా అగ్నితుండీవటి ఇచ్చి, పథ్యం చెప్పి పంపాను. మందు పనిచేసింది. పోటీ నాలుగు రోజులున్నదనగా కుర్రవాడు ఒక్కడే మళ్లీ వచ్చాడు. చేతిలో ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితాలు. "సామీ, ఏ మందు వాడినా ఈ పట్టీ చూపించి అడగమన్నాడు మా కోచ్ సారు" అన్నాడు.

మా అబ్బాయి చేత చదివించుకొన్నాను. అందులో ఒకచోట 'స్ట్రిక్నిన్' అన్న పేరు వినగానే నా గుండె గతుక్కుమన్నది. మన ముష్టి గింజలోని విషసారం అదే. అగ్నితుండీవటిలో మిగిలిన ద్రవ్యాలన్నిటి మొత్తం తూకానికి సమానంగా చేరేది శుద్ధిచేసిన విషముష్టి. గోమూత్రంలో నానబెట్టి, ఆవుపాలలో ఉడికించి, నేతిలో వేయించితే దాని విషం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. పూర్తిగా పోయినట్లయితే అది ఔషధంగా మిగలదు.

ఉన్నమాట కుర్రవానికి చెప్పాను. ఆ పోటీలో మూత్రపరీక్షలు జరుగవచ్చునని కోచ్ చెప్పి వున్నాడు. అతడు పోటీకి వెళ్లలేదు. ఒక సంవత్సరం వృథా అయినది. వారం తరువాత తండ్రి వచ్చి, "మీరు అడగల్యా, మేము చెప్పల్యా సామీ" అని మాత్రం అన్నాడు. ఆయన నన్ను నిందించలేదు. కాని తప్పు నాది. రోగిని పరీక్షించాను గాని, ఆ రోగి ఏ వృత్తిలో, ఏ నియమాలకు లోబడి జీవిస్తున్నాడో విచారించలేదు. ఆనాటి నుండి ఈ విషయం గురించి చదువుతూ, తెలిసినవారిని అడుగుతూ వచ్చాను. ఆ తెలుసుకొన్నది పాఠకుల ముందు వుంచుతున్నాను.

అనుమతించవచ్చుననే వాదం

క్రీడలలో శక్తిని కృత్రిమంగా పెంచే మందులను ఉత్ప్రేరకాలు అనీ, వాటి వాడకాన్ని డోపింగ్ అనీ పత్రికలలో చదువుతున్నాము. వీటిని నిషేధించడమెందుకు, వృత్తిగా ఆడేవారికి అనుమతించితే సరిపోతుంది గదా అని వాదించేవారు కలరు. ఉత్ప్రేరకాలను అనుమతించే ఆటల పోటీలను నిర్వహిస్తామని 2023లో విదేశాలలో కొందరు ప్రకటించారు. 2025లో అమెరికాలోని లాస్ వేగాస్ నగరాన్ని వేదికగా నిర్ణయించారు.

వారి వాదంలో నాలుగు మాటలున్నాయి. ఒకటి, వయసు వచ్చినవాని శరీరం వానిది. రెండు, వైద్యుని పర్యవేక్షణలో వాడితే ప్రమాదం తక్కువ. మూడు, అందరూ వాడితే అందరూ సమానులే. నాలుగు, నేటి పరీక్షలలో నిర్దోషులు కూడా చిక్కుతున్నారు. ఇవి కొట్టిపారవేయదగిన మాటలు కావు. ఒక్కొక్కటిగా విచారిద్దాము.

నిషేధం లేని రోజులలో

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. మారథాన్ పరుగులో థామస్ హిక్స్ అనే వానికి దారిలో శక్తి సన్నగిల్లగా, సహాయకులు స్ట్రిక్నిన్‌ను కోడిగ్రుడ్డు తెల్లసొనలో కలిపి ఇచ్చారు. తరువాత బ్రాందీతో కలిపి మరల ఇచ్చారు. అంటే మన ముష్టి గింజలోని విషమే. అతడు మతిభ్రమించిన స్థితిలో, ఇరుప్రక్కల మనుష్యులు పట్టుకొనగా గమ్యం చేరాడు. పతకం అతనికే దక్కింది. ఎందుచేతనంటే ఆనాడు దానిని వద్దనే నియమమే లేదు.

1967 జులై 13న ఫ్రాన్సులోని వాంటూ పర్వతం మీద టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ సైకిల్ వీరుడు పోటీ మధ్యలో కూలి మరణించాడు. అతని శరీరంలో ఆంఫెటమిన్, మద్యం కనుగొన్నారు. అలసట అనేది ప్రకృతి మనకిచ్చిన కావలివాడు. ఆంఫెటమిన్ శక్తిని ఇవ్వదు. ఆ కావలివాని నోరు నొక్కుతుంది. ఎండ, శ్రమ, నిర్జలత్వం కలిసినప్పుడు శరీరం 'ఆగు' అని చెప్పవలసిన క్షణంలో ఆ మాట వినబడకుండా పోతుంది.

ఇక వైద్యుల పర్యవేక్షణ మాట. తూర్పు జర్మనీలో 1970 దశకం నుండి ప్రభుత్వమే ఒక పథకం ప్రకారం, వైద్యుల చేతులమీదుగా, క్రీడాకారిణులకు ఓరల్ టురినబాల్ అనే పురుష హార్మోను మాత్రలు ఇప్పించింది. 'విటమిన్లు' అని చెప్పి పసిపిల్లలకు కూడా ఇచ్చారు. పతకాలు కుప్పలుగా వచ్చాయి. వాటితోబాటు గొంతు మగగొంతుగా మారడం, ముఖాన వెంట్రుకలు, ఋతుక్రమ దోషాలు, కాలేయ వ్యాధులు కూడా వచ్చాయి. 2000 సంవత్సరంలో బెర్లిన్ న్యాయస్థానం ఆనాటి క్రీడాధిపతి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, వైద్యుడు మన్‌ఫ్రెడ్ హెప్నర్‌ను దోషులుగా నిర్ణయించింది. వైద్యుడు పక్కన నిలబడినంత మాత్రాన విషం అమృతం కాదు. ఆ వైద్యుడు ఎవరి జీతం తింటున్నాడన్నదే ప్రశ్న.

బోరుబావుల నీతి

'అందరూ వాడితే అందరూ సమానులే' అన్న మాటకు జవాబు మా అనంతపురం జిల్లా రైతును అడిగితే చెబుతాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. పూర్వం కపిల బావులతో సేద్యం జరిగేది. ఒకరు రెండు వందల అడుగుల బోరు వేశారు. ప్రక్కవాని బావి ఎండింది. అతడు అప్పుచేసి నాలుగు వందల అడుగులు వేశాడు. మొదటివాని బోరు ఎండింది. అలా పోటీపడి కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటారు. చివరకు అందరూ సమానులే అయ్యారు. ఎవరికీ అదనంగా నీరు రాలేదు. భూగర్భజలం పోయింది, అప్పు మిగిలింది. ఈ పోటీని అదుపులో వుంచడానికే 2002లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది.

ఉత్ప్రేరకాలను అనుమతించితే జరిగేది ఇదే. ఒకడు వాడితే ప్రక్కవాడు వాడక తప్పదు. ఇద్దరి నడుమ తేడా మునుపటివలెనే వుంటుంది. ఇద్దరి కాలేయం, గుండె, వీర్యం మాత్రం క్షీణిస్తాయి. 'వాని శరీరం వాని ఇష్టం' అన్న మొదటి మాట కూడా ఇక్కడే వీగిపోతుంది. ధనవంతుల బిడ్డకు ఆట ఒక వేడుక. మా జిల్లా పిల్లలకు ఆట అంటే పోలీసు ఉద్యోగం, రైల్వే ఉద్యోగం, క్రీడల కోటాలో చదువు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగినప్పుడు, పల్లెల నుండి వచ్చిన పిల్లలు ఎంత ఆశగా చూచారో నేనెరుగుదును. ఆ ఆశ ముందు ఒక సూదిమందు పెట్టి 'నీ ఇష్టం' అంటే, అది ఇష్టం కాదు, నిర్బంధం.

నిర్దోషులు చిక్కుట

నాలుగవ మాటలో సత్యమున్నది. క్రికెట్ క్రీడాకారుడు యూసుఫ్ పఠాన్‌కు 2017 మార్చిలో తీసిన నమూనాలో టెర్బుటలిన్ కనిపించగా ఐదు నెలల నిషేధం పడింది. 2019 ఫిబ్రవరిలో ఇందోరులో ఇచ్చిన నమూనాలో అదే ద్రవ్యం కనిపించి పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం పడింది. టెర్బుటలిన్ అనేది సామాన్యంగా దగ్గు మందులలో వుండే ద్రవ్యం. మన ఇళ్లలో అలమారలో వుండే సీసాయే.

మరొకటి మా ఆయుర్వేదులు జ్ఞాపకం వుంచుకొనవలసిన సంగతి. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 4×400 మీటర్ల రిలే పరుగులో మనకు స్వర్ణం తెచ్చిన నలుగురు యువతులలో ముగ్గురు, మరి కొందరు తోటివారు, 2011లో స్టెరాయిడ్ పరీక్షలలో దొరికారు. చైనా నుండి తెచ్చి ఇచ్చిన జిన్‌సెంగ్ అనే మూలికా మందులో కల్తీ వున్నదని వారు చెప్పుకొన్నారు. మొదట విధించిన ఒక సంవత్సరం నిషేధాన్ని 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రెండు సంవత్సరాలకు పెంచింది. శరీరంలో ఏమి దొరికినా బాధ్యత క్రీడాకారునిదే అన్నది ఆ నియమం. 'మూలికా మందు' అన్న మాట వారిని కాపాడలేదు.

ఇది కఠినమే. అయితే దొంగల నడుమ ఒక అమాయకుడు చిక్కాడని తలుపులన్నీ తెరచిపెట్టము గదా. విచారణ సవ్యంగా, త్వరగా జరగాలి. పల్లె పిల్లలకు ముందుగా తెలియజెప్పాలి. చికిత్సకు తప్పనిసరియైన మందుకు ముందుగా అనుమతి కోరే పద్ధతి వున్నది. దానిని అందరికీ అందుబాటులోకి తేవాలి. మనదేశంలో 2023లో సేకరించిన 5,606 నమూనాలలో 3.8 శాతం దోషాన్ని చూపాయి. ఎక్కువగా పరీక్షలు జరిపే దేశాలలో ఇదే అత్యధికం. వీరందరూ దగ్గు మందు త్రాగినవారని నమ్మలేము.

మరి రసాయనాలు?

'మీ రసాయన, వాజీకరణ తంత్రాలు బలం కోసమే గదా' అని నన్ను అడిగినవారున్నారు. న్యాయమైన ప్రశ్న. చరకుడు బలాన్ని మూడు విధాలుగా చెప్పాడు. పుట్టుకతో వచ్చేది సహజబలం. ఋతువును బట్టి, వయస్సును బట్టి కలిగేది కాలజబలం. ఆహారం చేత, తగిన వ్యాయామాది ప్రయత్నాల చేత సంపాదించుకొనేది యుక్తికృత బలం. మూడవది కష్టార్జితం. రసాయనం ఆ కష్టార్జితానికి తోడు. మెల్లగా ధాతువులను పోషిస్తుంది. ఉత్ప్రేరకం రేపటి బలాన్ని ఇవాళే ఖర్చుచేయిస్తుంది. శక్తికి మించిన శ్రమ చేసేవాడు ఏనుగును ఈడ్చబోయిన సింహంవలె నశిస్తాడని కూడా చరకుడు హెచ్చరించాడు. తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయమని వాగ్భటుడు చెప్పాడు. పోటీలో పాల్గొనేవాడు దానికి మించక తప్పదు; కనుకనే వానికి విశ్రాంతి, ఆహారం మరింత ముఖ్యం.

అయితే మా శాస్త్రంలోని మందులన్నీ క్రీడాకారులకు నిరపాయమని చెప్పను. విషముష్టిలో స్ట్రిక్నిన్ వున్నది. సోమలత అని పిలిచే ఎఫెడ్రా మొక్కలో ఎఫెడ్రిన్ వున్నది. భంగు చేరిన చూర్ణాలు కలవు. ఈ మూడింటి సారాలూ పోటీ కాలంలో నిషిద్ధాలే. ఎఫెడ్రిన్‌కు, భంగు సారానికి మూత్రంలో ఒక పరిమితి దాటితే దోషం. ఈ మాట దాచడం వైద్యధర్మం కాదు.

గృహస్థులకు సూచనలు

1. మీ బిడ్డ పోటీలలో పాల్గొంటూ వుంటే, ఏ వైద్యుని వద్దకు వెళ్లినా మొదట ఆ సంగతి చెప్పండి. దగ్గు, జలుబు, ఉబ్బసం మందులకు మరింత జాగ్రత్త అవసరం. అట్లని ఉబ్బసం వున్న బిడ్డకు మందు మాన్పించరాదు. వైద్యునితోనూ శిక్షకునితోనూ మాట్లాడి అనుమతి పొందండి.

2. ద్రవ్యాల పేర్లు లేని పొట్లాలు, 'నెలలో కండ' అని అమ్మే పొడులు ఇంటికి తేవద్దు. 'ఆయుర్వేదం' అని ముద్రవేసినా సరే. వ్యాయామశాలలో ఉచితంగా ఇచ్చినా సరే.

3. కుర్రవానికి ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం, మొటిమలు విపరీతంగా రావడం, రొమ్ములు వాయడం, కోపం పెరగడం, ఆడపిల్లకు గొంతు మారడం, ఋతువు తప్పడం కనిపిస్తే ఉపేక్షింపక వెంటనే వైద్యునికి చూపండి. ఎదిగే వయస్సులో స్టెరాయిడ్లు ఎముకల పెరుగుదలను ముందుగానే ఆపివేయగలవు.

4. బలానికి మన వంటిల్లు చాలు. ఉదయం సాధన తరువాత రాగిజావ మజ్జిగతో, మధ్యాహ్నం సంగటి లేక కొర్రన్నం, పప్పు, ఆకుకూర, నెయ్యి, సాయంకాలం నానబెట్టిన శనక్కాయలు, బెల్లం, ఖర్జూరం, రాత్రి పాలు. మాంసాహారులు గ్రుడ్డు, మాంసం తీసుకొనవచ్చును. చెమట ఎక్కువగా పోసే ఎండాకాలంలో ఉప్పు, నిమ్మరసం కలిపిన పలుచని మజ్జిగ త్రాగాలి.

5. వారానికి రెండుమార్లు నువ్వులనూనెతో అభ్యంగనం, రాత్రి ఎనిమిది గంటల నిద్ర. వీటికి పరీక్షలూ లేవు, నిషేధమూ లేదు.

ఆ కుర్రవాడు మరుసటి సంవత్సరం పరుగెత్తాడు. నాలుగవ స్థానంలో వచ్చాడు. పతకం రాలేదు. ఆ వేగంతోనే తరువాత పోలీసు ఎంపికలో నెగ్గాడు. మొన్న సెలవుపై వచ్చినప్పుడు దగ్గుకు మందు అడిగాడు. మందు తీయబోతూ వుంటే నవ్వుతూ, "సామీ, ఇందులో ఏమేముండాయి?" అన్నాడు. ఒక్కొక్క ద్రవ్యం పేరు చెప్పి ఇచ్చాను. మీరు కూడా మీ వైద్యుని అట్లే అడగండి. చెప్పలేని వైద్యుని మందు, ఆడే పిల్లవానికే కాదు, ఎవరికీ వద్దు.