స్టేజీకి వీపు తిప్పిన కెమెరా

సంగీతోత్సవాల కాలం వస్తే చాలు, కెమెరా సంచీ సర్దుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఫోటోగ్రఫీ వీళ్ల వృత్తి కాదు. బ్యాంకులోనో, బడిలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఉద్యోగం. సెలవులు కూడబెట్టుకుని డిసెంబరులో చెన్నై సభలకో, శరత్పూర్ణిమ వేళకు జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో జరిగే జానపద సంగీతోత్సవానికో, వీసా, డబ్బూ కుదిరితే అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ జాజ్ ఉత్సవానికో ప్రయాణం కడతారు. ఇంటికొచ్చేసరికి కార్డు నిండా ఫోటోలే. ఎక్కువ భాగం మైకు ముందు నిలబడిన గాయకుడివి. ఇంత దూరం, ఇంత ఖర్చు పెట్టుకుని తెచ్చిన ఆ ఫోటోలకు నిజంగా విలువ ఎక్కడుంది? స్టేజీ మీద లేదని నా వాదన. సరదా కోసం ఫోటోలు తీసేవారు కళాకారుణ్ణి కొంత పక్కన పెట్టి, ఆ సంగీతాన్ని పోషించే ఊరినీ, వినే జనాన్నీ తీస్తే, వాళ్లు మాత్రమే చేయగలిగిన పని అవుతుంది. స్టేజీనే పట్టుకుని వేలాడితే, మరొకరు ఇంకా బాగా చేస్తున్న పనిని కాస్త నాసిగా చేసినట్టవుతుంది.

ముందు స్టేజీ సంగతి చూద్దాం. పెద్ద కచేరీల్లో చాలాకాలంగా ఒక ఆనవాయితీ ఉంది. అనుమతి ఉన్న పత్రికా ఫోటోగ్రాఫర్లను స్టేజీకీ, జనాన్ని ఆపే కటకటాలకూ మధ్య ఉన్న సందులోకి పంపుతారు. మొదటి మూడు పాటల వరకే తీసుకోవాలి, ఫ్లాష్ వాడకూడదు, ఆ తర్వాత బయటికి వచ్చేయాలి. టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లకు ఆ సందు కూడా దక్కదు. లెన్సు ఊడదీసే వీలున్న కెమెరా కనిపిస్తే గేటు దగ్గరే ఆపేసే ఉత్సవాలు చాలా ఉన్నాయి. ఆపకపోయినా వెలుతురుతో తంటా తప్పదు. వాయిద్యం మీద కదిలే వేళ్లు మసకబారకుండా రావాలంటే షట్టర్ సెకనులో 200వ వంతుకు మించి తెరిచి ఉండకూడదు. అంతలోపల స్టేజీ వెలుతురు చాలదు కనుక కెమెరా సున్నితత్వాన్ని తెలిపే ఐఎస్ఓను 3200కో 6400కో పెంచాలి. పెంచితే ఫోటోలో గరుకు తేలుతుంది. గరుకు తగ్గాలంటే ఎఫ్/2.8 వంటి వెడల్పు ద్వారం ఉన్న టెలిఫోటో లెన్సు కావాలి. దాని ఖరీదు లక్ష రూపాయలు దాటడం మామూలే. ఎర్రటి ఎల్ఈడీ వెలుగు ముఖం మీద పడితే కన్నూ ముక్కూ కలిసిపోయి ఎర్రటి మచ్చ మిగులుతుంది. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే కొన్ని రకాల దీపాల రెపరెపలు ఫోటో మీద అడ్డచారలై పడతాయి. ఈ చిక్కులన్నీ దాటి ఇరవయ్యో వరసలోంచి తీసిన ఆ ముఖాన్నే, నిర్వాహకుల సొంత ఫోటోగ్రాఫర్ పది అడుగుల దూరం నుంచి అప్పటికే తీసి ఉంటారు.

నైపుణ్యం ఎవరికి ఎక్కువ అన్నది ఒక్కటే కాదు, ఏది అరుదు అన్నది అసలు లెక్క. జాజ్ సంగీతానికి తొలి బాట వేసినవారిలో ఒకడిగా చెప్పుకునే బడ్డీ బోల్డెన్‌ది ఒక్క రికార్డింగు కూడా మిగల్లేదు. 1905 ప్రాంతంలో తన బృందంతో దిగిన ఒకే ఒక్క ఫోటో దొరుకుతోంది. త్యాగరాజస్వామి విషయంలో అదీ లేదు. ఫోటోగ్రఫీ సంగతి ప్రపంచానికి తెలిసింది 1839లో. ఆయన 1847లో సిద్ధి పొందారు. ఆ రోజుల్లో ఎవరైనా ఒక్క కళాకారుడి ముఖాన్ని పట్టి ఉంటే అది నిధి అయ్యేది. ఇప్పుడు ఆ కరువు తీరిపోయింది. పేరున్న ఏ గాయకుడి ముఖమైనా ప్రతి ఊళ్లో, ప్రతి కోణంలో నమోదవుతోంది. అదే గాయకుడు పాడిన సాయంత్రం గేటు బయట ఎవరు ఏం అమ్ముతున్నారు, వెనక వరసలో నిలబడి విన్నవాళ్లు ఎలాంటి బట్టలు కట్టుకున్నారు, పందిరి వేసినవాళ్లు ఎక్కడ కూర్చుని అన్నం తిన్నారు? వీటిని తీసేవాళ్లు ఈనాటికీ తక్కువే. పత్రిక వాటిని అడగదు, నిర్వాహకులకు వాటితో పని లేదు. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేని మనిషికే ఆ తీరిక ఉంటుంది.

ఈ మాటకు గట్టి సాక్ష్యం న్యూ ఆర్లియన్స్ నగరమే ఇస్తుంది. అక్కడి జాజ్ అండ్ హెరిటేజ్ ఫెస్టివల్ 1970లో కాంగో స్క్వేర్‌లో మొదలైంది. బానిసత్వపు రోజుల్లో ఆఫ్రికా సంతతివారు ఆదివారాలు కూడి డప్పు వాయించుకుని ఆడిన మైదానం అది. తొలి ఏడాది వచ్చిన జనం కొన్ని వందలే. 1972 నుంచి గుర్రప్పందాల మైదానమైన ఫెయిర్ గ్రౌండ్స్‌లో జరుగుతూ, ఇప్పుడు లక్షల మందిని రప్పిస్తోంది. అయితే ఆ సంగీతం పుట్టిందీ పెరిగిందీ వీధుల్లో. ట్రెమే వంటి పేటల్లో పరస్పర సహాయ సంఘాలు ఆదివారాలు ఊరేగింపు తీస్తాయి. ముందు సంఘ సభ్యులు, ఇత్తడి వాయిద్యాల బ్యాండు నడుస్తారు. వెనకాల పేటలోని జనమంతా ఆడుతూ కలుస్తారు. ఇక్కడ వినేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు అనడానికి లేదు. ఈ వీధుల్ని ఏళ్లతరబడి నమోదు చేసినవారిలో ఇద్దరు వృత్తి ఫోటోగ్రాఫర్లు కారు. రాల్‌స్టన్ క్రాఫర్డ్ పేరున్న చిత్రకారుడు. 1949 ప్రాంతం నుంచి 1978లో చనిపోయేదాకా ఆయన మళ్లీ మళ్లీ ఆ ఊరు వెళ్లి సంగీతకారులతో పాటు సారాకొట్లు, గోడల మీది రాతలు, సమాధులు, ఊరేగింపులు తీశారు. ఆ ఫోటోలు ఇప్పుడు టులేన్ విశ్వవిద్యాలయంలోని జాజ్ భాండాగారంలో ఉన్నాయి. రెండోవారు జూల్స్ కాన్, వ్యాపారి. ఆయన తీసిన ఊరేగింపుల ఫోటోలు, ఫిల్ములు ఆ నగర చరిత్ర సంస్థకు చేరాయి.

వాళ్లు తీసిన కాలంలో ఆ దృశ్యాలు మామూలువి. ఊరు మారిపోయాక వాటి బరువు తెలిసింది. జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టిన ఇంటిని 1964లో కూల్చేశారు. నల్లజాతివారి వ్యాపారాలకూ పండుగలకూ నడిబొడ్డయిన క్లెయిబోర్న్ అవెన్యూలో వరసలు తీరిన ఓక్ చెట్లను 1966లో కొట్టేసి, వీధి నెత్తిన హైవే వంతెన కట్టారు. 2005 ఆగస్టులో కత్రినా తుఫానుకు నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. సంగీతకారులు చెల్లాచెదురయ్యారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ముఖం పోలేదు, అది వేల ఫోటోల్లో భద్రంగా ఉంది. పోయినవి ఆయన్ని ఆయనగా చేసిన వీధులు. ఏ బ్యాండు ఏ మలుపులో ఆగేది, ఎవరి అరుగు మీద ఎవరు కూర్చునేవారు అని ఇప్పుడు చరిత్రకారుడు వెతికితే ఆసరా అయ్యేవి ఇలా తీరిగ్గా తీసిన బొమ్మలే.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. సంగీత ఫోటోగ్రఫీలో చిరస్థాయిగా నిలిచినవి కళాకారుల ముఖాలే కదా, వాటిలో కొన్నింటిని అనుభవం లేనివాళ్లే తీశారు కదా అని అడగొచ్చు. నిజమే. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ గిటారుకు నిప్పంటించిన క్షణాన్ని కుర్చీ ఎక్కి తీసిన ఎడ్ కారెఫ్ అప్పటికి 17 ఏళ్ల బడి పిల్లవాడు. విలియం గాట్‌లీబ్ వాషింగ్టన్ పోస్ట్‌లో జాజ్ గురించి రాసేవారు. ఫోటోలకు పత్రిక డబ్బివ్వకపోతే సొంతంగా కెమెరా కొని తీశారు. బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ ముఖాలు ఈనాటికీ ఆయన ఫోటోల్లోనే మన కళ్లముందు నిలుస్తాయి. కానీ ఆ ఇద్దరి పరిస్థితి గమనించాలి. కారెఫ్ కాలానికి స్టేజీ అంచుదాకా వెళ్లనిచ్చేవారు; ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. గాట్‌లీబ్ తిరిగిన 1940ల క్లబ్బుల్లో కెమెరాలే అరుదు. ఫిల్మూ ఫ్లాష్ బల్బులూ ఖరీదైనవి కనుక ఆయన ఒక్కో సందర్భంలో కొన్ని ఫోటోలకంటే ఎక్కువ తీసేవారు కాదు. ఆ కొన్నింటికే సంగీతమంతా విని, మనిషిని ఎరిగి మీట నొక్కేవారు. పైగా ఆయన న్యూయార్క్ 52వ వీధిని కూడా తీశారు. పక్కపక్కనే వెలిగే క్లబ్బుల నియాన్ బోర్డులతో 1948 నాటి ఆ రాత్రి వీధి రంగుల్లో ఉంది. ఆ క్లబ్బులు పోయి ఆఫీసు భవనాలు లేచాయి. వుడ్‌స్టాక్ ఇంకా సూటైన ఉదాహరణ. 1969 ఆగస్టులో నాలుగు లక్షలకు పైగా జనం పోగైన ఆ ఉత్సవానికి బర్క్ అజల్ అనే ఫోటోగ్రాఫర్ ఏ పత్రిక పనిమీదా కాకుండా కుటుంబంతో వెళ్లారు. తెల్లవారుజామున ఒకే దుప్పటి కప్పుకుని నిలబడిన జంటను తీశారు. ఉత్సవ సంగీతంతో వచ్చిన ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కింది ఏ గాయకుడి ముఖమూ కాదు, ఆ ఫోటో.

కెమెరా కంటికి అడ్డం పెట్టుకుంటే పాట చెవికెక్కుతుందా అన్నది రెండో అభ్యంతరం. బాబ్ డిలన్ వంటి కళాకారులు తమ కచేరీల్లో ఫోన్లను సంచుల్లో పెట్టి తాళం వేయిస్తున్నది ఇందుకే. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో చేసిన ప్రయోగం 2014లో అచ్చయింది. ఊరికే చూసిన వస్తువులకంటే ఫోటో తీసిన వస్తువులు జనానికి తక్కువ గుర్తున్నాయని అందులో తేలింది. కెమెరా గుర్తుంచుకుంటుందిలే అని మనసు పని మానేస్తుందన్నమాట. అయితే అదే ప్రయోగంలో, వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని దగ్గరగా తీసినవారికి జ్ఞాపకం తగ్గలేదు. అంటే తప్పు కెమెరాది కాదు, ఎంచుకోకుండా మీట నొక్కడానిది. అందరితో పాటు చెయ్యెత్తి స్టేజీని తీసేవాళ్లు ఏమీ ఎంచుకోవడం లేదు. జనంలో ఒక ముఖాన్ని, తాళం వేస్తున్న ఒక చేతిని వెతికేవాళ్లు చూడటం మానలేదు. మ్యూజియం వేరు, కచేరీ వేరు అని కొట్టిపారేయవచ్చు. సంగీతాన్ని చెవితో వినాలన్నది ఒప్పుకోవాల్సిందే. అందుకే కచేరీలో ఎక్కువసేపు కెమెరా మూసి, ముందూ వెనకా తెరవమంటున్నాను.

మూడో అభ్యంతరానికి తేలికైన జవాబు లేదు. స్టేజీ ఎక్కినవాళ్లు ఫోటోకు సిద్ధపడే ఎక్కుతారు. జనంలో కూర్చున్నవాళ్లు సిద్ధపడలేదు. వాళ్లను తీయమనడం వాళ్ల ఏకాంతంలోకి చొరబడమనడమే కదా? జర్మనీలో 1907 నుంచే చట్టం ఉంది: మనిషి అనుమతి లేకుండా అతని బొమ్మను ప్రచారం చేయకూడదు, సభలు, ఊరేగింపుల వంటి వాటికి మాత్రం మినహాయింపు. ఆ చట్టం గీసిన గీత ఏ దేశంలోనైనా పనికొస్తుంది. గుంపును గుంపుగా తీయడం వేరు, గుంపులోంచి ఒక మనిషిని విడదీసి తీయడం వేరు. విడదీసి తీసినప్పుడు అడగాలి, తీశాక చూపించాలి, వద్దంటే చెరిపేయాలి. పిల్లలైతే పెద్దవాళ్లను అడగాలి. న్యూ ఆర్లియన్స్ శవయాత్రల్లో కూడా బ్యాండు వాయిస్తుంది. బయటివాళ్లకు అది వేడుకలా కనిపించినా ఇంటివాళ్లకు అది దుఃఖం. ఇది తెలియకుండా లెన్సు ఎత్తితే అపచారం. క్రాఫర్డ్ మూడు దశాబ్దాలు అదే ఊరికి వెళ్లడంలోని పాఠం ఇదే. ఏటా కొత్త ఉత్సవాన్ని వెతుక్కుంటూ పోయేవాళ్లకు ఊరు ఎప్పుడూ పరాయిగానే ఉంటుంది. వెళ్లినచోటికే మళ్లీ వెళ్లేవాళ్లను జనం గుర్తుపడతారు, కావాలనుకుంటే కాదంటారు కూడా.

తెలుగువాళ్లకు ఇలాంటి ఊరు దగ్గర్లోనే ఉంది. కావేరి ఒడ్డున తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. విద్వాంసులు నేలమీద బారులుతీరి కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని పంచరత్నాలను ఒక్క గొంతుగా పాడతారు. టీవీల్లో, ఫోన్లలో ఆ దృశ్యం అందరికీ తెలిసిందే. తమిళనాడు నడుమ వేలమంది తెలుగు సాహిత్యం పాడే ఆ ఊళ్లో, తమిళ లిపిలో రాసుకున్న కృతుల పుస్తకం ఒడిలో పెట్టుకున్నవాళ్లను, నాదస్వరం శ్రుతి చూసుకునేవాళ్లను, వెనక పందిట్లో పెదవులు కదుపుతున్న మామూలు రసికులను ఎంతమంది తీస్తున్నారు? ఆడవాళ్లు అక్కడ పాడటానికి పోరాడి, సొంత డబ్బుతో త్యాగరాజు సమాధి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ సమాధి కూడా ఆ ప్రాంగణం దగ్గరే ఉంది. చెన్నై సభల్లో కచేరీ నడుస్తుండగా కెమెరాకు ఆంక్షలుంటాయి కానీ, క్యాంటీన్‌లో దోసె తింటూ ఇప్పుడే విన్న రాగం మీద వాదించుకునేవాళ్లను అడిగి తీసుకుంటే కాదనేవాళ్లు తక్కువ.

తీయడంతో పని సగమే అయినట్టు. ఏ ఊరు, ఏ వీధి, ఏ తేదీ, ఎవరు అన్నది రాసిపెట్టని ఫోటో ఇరవై ఏళ్లకు తీసినవాళ్లకే అర్థం కాదు. క్రాఫర్డ్, కాన్ తీసినవి సంస్థల భాండాగారాలకు చేరాయి కనుకే ఇవాళ ఎవరైనా వెతికి చూడగలుగుతున్నారు. గాట్‌లీబ్ ఫోటోలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉండి, ఆయన కోరిక ప్రకారం 2010 నుంచి అందరి ఆస్తి అయ్యాయి. వృత్తి ఫోటోగ్రాఫర్‌కు పని చెప్పేవాళ్లుంటారు, ఆ పని విలువను వాళ్లే కడతారు. హాబీ ఫోటోగ్రాఫర్‌కు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఏం తీయాలో, తీసింది ఎవరికి అందాలో తనే తేల్చుకోవాలి. ఆ స్వేచ్ఛ చేతిలో ఉండి కూడా అందరూ తీసే ముఖాన్నే తీసి తెస్తే, ఆ ప్రయాణం ఖర్చుకు తగ్గ ఫలితం రానట్టే.